మెటఫర్, మెటానమీ, ఐరనీ: ఇంగ్లిష్ టీచర్ కాబోయేవాళ్లు తడబడే చోట్లు

ఇంగ్లిష్ టీచర్ కావాలని చదివేవాళ్ల నోట్సులు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. అలిటరేషన్‌తో మొదలై అక్షరక్రమంలో పేజీల కొద్దీ సాహిత్య పరిభాషా పదాలు, ఒక్కోదాని పక్కన ఒక్కో వాక్యం నిర్వచనం. కాస్త కష్టపడి బట్టీ కొడితే నోటికి వచ్చేస్తాయి. ఓ కవితలోంచి పది పంక్తులో, ఓ ప్రసంగంలోంచి ఓ పేరానో ముందు పెట్టి "ఇక్కడ రచయిత ఏం చేశాడు?" అని అడిగినప్పుడు మొదలవుతుంది అసలు చిక్కు. ఇచ్చిన నాలుగు జవాబుల్లో రెండు సరైనవిగానే కనిపిస్తాయి. మెటానమీ నిర్వచనం తెలుసు, సినెక్‌డొకీ నిర్వచనం కూడా తెలుసు. రెంటికీ మధ్య గీత ఎక్కడ గీయాలో మాత్రం తెలీదు.

ఈ పదాలను అక్షరక్రమంలో నేర్చుకోవడమే దండగ పని అని నా అభిప్రాయం. వీటిలో చాలావరకు మూడు నాలుగు ప్రశ్నల కింద సర్దుకుంటాయి. ఒకదాని పేరు చెప్పాల్సిన చోట ఇంకోదాని పేరు ఎందుకొచ్చింది? ఎవరికి ఎంత తెలుసు? మాట్లాడుతున్నది ఎవరు? వింటున్నవాళ్లని ఎటు తిప్పాలని చూస్తున్నారు? ప్రశ్న గుర్తుంటే పదం వెతుక్కోనక్కర్లేదు.

ఒకదాని బదులు మరొకటి

సిమిలీ, మెటఫర్‌ల దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. ఉపమ, రూపకం తెలిసినవాళ్లకి ఇవి కొత్త కావు. ఒక్క జాగ్రత్త చాలు. "లైక్, యాజ్ ఉంటే సిమిలీ" అని పిల్లలకు నేర్పే చిట్కా పూర్తిగా నమ్మదగింది కాదు. ఒకమ్మాయి తన అన్నలాగే ఈదుతుంది అంటే అది మామూలు పోలిక. ఇద్దరూ మనుషులే, చేసేదీ ఒకే పని. వేర్వేరు జాతుల వస్తువులు పక్కపక్కకి వచ్చినప్పుడే సిమిలీ. అలాగే మెటఫర్ ఎప్పుడూ "ఇది అది" అనే రూపంలో రాదు. వాదన కుప్పకూలింది అన్నప్పుడు మెటఫర్ క్రియలో దాక్కుని ఉంది. వాదన ఓ కట్టడం అని ఎవరూ పైకి అనలేదు, అయినా కట్టడమే కళ్లముందుకొచ్చింది.

మెటఫర్‌ని విప్పి చూపడానికి విమర్శకుడు ఐ. ఏ. రిచర్డ్స్ 1936లో రెండు పనిముట్లు ఇచ్చాడు. దేని గురించి మాట్లాడుతున్నామో అది టెనర్, దేని సాయంతో మాట్లాడుతున్నామో అది వెహికిల్. షేక్‌స్పియర్ నాటకం చివరి అంకంలో మాక్బెత్ జీవితాన్ని ఓ దీనుడైన నటుడిగా చెబుతాడు. టెనర్ జీవితం, వెహికిల్ నటుడు. ఇక్కడితో ఆగిపోతే పేర్లు పెట్టడం తప్ప చేసిందేమీ లేదు. నటుడి దగ్గర్నుంచి జీవితానికి ఏమేం వచ్చాయో చూడాలి. రంగస్థలం మీద తన గంటసేపు హడావిడి చేస్తాడు, ఆ తర్వాత అతని గొంతు వినబడదు. వేగంగా ముగిసిపోవడం, ఎవరో రాసిచ్చిన మాటలు పలకడం, ఆ హడావిడిలోని డొల్లతనం, అన్నీ ఆ ఒక్క నటుడితో వచ్చాయి. పైగా ఈ మాటలు అంటున్నది కూడా రంగస్థలం మీది నటుడే. పాఠం మొదలుపెట్టాల్సింది ఇక్కడ.

మెటానమీలో పోలిక ఉండదు, సంబంధం ఉంటుంది. కిరీటం రాజులా ఉండదు, రాజు నెత్తిన ఉంటుంది. అందుకే "క్రౌన్" అంటే రాజరికం. కత్తి కన్నా కలం గొప్పది అనే మాట 1839 నాటి ఓ ఇంగ్లిష్ నాటకంలోది. అందులో కలం రాతకూ, కత్తి బలప్రయోగానికీ నిలబడ్డాయి. ఇవి పోలికలు కావు, ఆయా పనుల్లో వాడే వస్తువులు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ రెండూ ఒకదానిలా ఒకటి ఉన్నాయా, లేక ఒకదాని పక్కన ఒకటి ఉంటాయా? ఒకదానిలా ఒకటి ఉంటే మెటఫర్, పక్కపక్కన ఉంటే మెటానమీ. పక్కన ఉండటం కాస్తా అందులో భాగమే అయితే సినెక్‌డొకీ. నావికులందరినీ డెక్ మీదికి రమ్మనడానికి "ఆల్ హ్యాండ్స్" అంటారే, అది. చేయి మనిషిలో భాగం, ఓడ పనిలో అక్కరకొచ్చే భాగం కూడా.

సినెక్‌డొకీని మెటానమీలో ఓ రకంగానే లెక్కించే పండితులున్నారు. షేక్‌స్పియర్ "జూలియస్ సీజర్"లో ఆంటోనీ రోమన్లను "మీ చెవులు కాస్త అప్పివ్వండి" అని అడిగిన వాక్యాన్ని కొన్ని పుస్తకాలు సినెక్‌డొకీ కింద, కొన్ని మెటానమీ కింద వేస్తాయి. అడిగింది చెవులున్న మనుషుల్ని కాదు, వాళ్ల శ్రద్ధని, కాబట్టి నేను మెటానమీ వైపు. కానీ క్లాసులో ఈ తగువు మీద పీరియడ్ అంతా ఖర్చుపెట్టడం నాకు నచ్చదు. అక్కడ గమనించాల్సింది "అప్పివ్వండి" అన్న మాట. అప్పు తిరిగి ఇచ్చేది. ఆంటోనీ చాలా చిన్నది అడుగుతున్నట్టు నటిస్తున్నాడు.

సింబల్ విషయంలో ఓ మాట. మెటఫర్‌లో వెహికిల్ కథలో నిజంగా ఉండనక్కర్లేదు, మాక్బెత్ ముందు నటుడెవరూ నిలబడిలేడు. సింబల్ మాత్రం కథలో నిజంగా ఉన్న వస్తువే. 1925లో వచ్చిన నవల "ద గ్రేట్ గాట్స్‌బీ"లో నీళ్ల అవతల కనిపించే పచ్చదీపం, నాయకుడు ప్రేమించిన డైసీ ఇంటి రేవులో నిజంగానే వెలుగుతోంది. గాట్స్‌బీ దానివైపు చేతులు చాచాడు కాబట్టి దానికి ఇంకో బరువు వచ్చింది. కథలోని మనుషులు, ఘటనలు వరసగా బయటి ప్రపంచంలోవాటితో జతకుదిరితే అలెగరీ. "యానిమల్ ఫామ్"లో నెపోలియన్ అనే పంది ఎవరో చెప్పడానికి జవాబు ఒకటే ఉంటుంది: స్టాలిన్. పచ్చదీపం ఏమిటో చెప్పడానికి ఒక్క జవాబు సరిపోదు.

ఎవరికి ఎంత తెలుసు

ఐరనీ దగ్గర జరిగినంత గందరగోళం ఇంకెక్కడా జరగదు. అనుకోనిది జరిగితే చాలు, ఐరనీ అనేస్తారు. వాన పడి ఆట ఆగిపోతే అది దురదృష్టం, అంతే. ఐరనీలో రెండు పొరలుండాలి. పైన కనిపించేది ఒకటి, లోపల ఉన్నది మరొకటి, ఆ తేడా ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి. మాట్లాడేవాడికే తెలిసి కావాలని వాడితే వెర్బల్ ఐరనీ. పాత్రకు తెలియక ప్రేక్షకుడికి తెలిస్తే డ్రమాటిక్ ఐరనీ. చేసిన ఏర్పాటే దాని ఉద్దేశాన్ని తలకిందులు చేస్తే సిచ్యువేషనల్ ఐరనీ.

"రోమియో అండ్ జూలియట్" చివరి దృశ్యం ఇందుకు దొరికిన మంచి పాఠం. సమాధిలో జూలియట్‌ని చూసి, మృత్యువు నీ ఊపిరి తాగేసింది కానీ నీ అందాన్ని ఇంకా గెలవలేకపోయింది, పెదవుల మీద, బుగ్గల మీద ఎరుపు ఇంకా ఉంది అంటాడు రోమియో. ఆమె చనిపోలేదని, చచ్చినట్టు కనిపించేలా చేసిన మందు ప్రభావం తగ్గుతోందని మనకు తెలుసు. అంటే అతను కళ్లారా చూసి చెబుతున్నదే అసలు నిజానికి సాక్ష్యం. సాక్ష్యం చదివాడు, తీర్పు తప్పు ఇచ్చాడు. విషం తాగాడు. "ప్రేక్షకుడికి తెలుసు, పాత్రకు తెలీదు" అనే నిర్వచనం ఎంత పొడిగా ఉంటుందో, ఈ రెండు పంక్తులు చదువుతుంటే ఊపిరి ఎలా బిగబడుతుందో పోల్చి చూడండి. ఇద్దర్నీ కలపడానికి ఫ్రయర్ (వాళ్లకు పెళ్లి చేసిన సన్యాసి) వేసిన పథకమే ఇద్దర్నీ చంపడం అదే దృశ్యంలో సిచ్యువేషనల్ ఐరనీ. రెండూ ఒకేచోట ఉండటానికి అడ్డేమీ లేదు.

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ "పోయెటిక్స్"లోని పదాలు కూడా ఈ ప్రశ్న కిందే కుదురుతాయి, ఎందుకో నోట్సుల్లో వాటిని వేరే పేజీలో పెడతారు. అనాగ్నోరిసిస్ అంటే అజ్ఞానం పోయి తెలిసిరావడం. ప్రేక్షకుడికీ పాత్రకీ మధ్య నాటకమంతా ఉన్న ఎడం మూసుకుపోయే క్షణం అది. పెరిపెటీయా అంటే పరిస్థితి తలకిందులవడం. ఈ రెండూ ఒకేసారి జరిగితే అది మేలైన కూర్పు అని చెబుతూ అరిస్టాటిల్ చూపింది గ్రీకు నాటకంలోని ఈడిపస్‌ని. తను ఎవరో తెలియడమే అతని పతనం. ఇక హమార్షియాని "హీరోలోని లోపం" అని ఒక్క మాటలో ముగించడం పొరపాటు. అరిస్టాటిల్ చెప్పిందాన్లో గుణంలోని లోపం కన్నా తెలియక చేసిన తప్పు అనేదే బలంగా ఉంది. ఈడిపస్ దారిలో చంపినవాడు తన తండ్రి అని అతనికి తెలీదు. గర్వం, కోపం గురించి రాయించే వ్యాసప్రశ్నలు ఈ సంగతిని చాలాసార్లు మింగేస్తాయి.

సార్‌కాజం వేరు, సెటైర్ వేరు. సార్‌కాజం ఎదుటివాడికి గుచ్చడానికి వాడే స్వరం. సెటైర్ ఓ రచన పెట్టుకున్న పని, సమాజంలోని ఫలానా చెడును చూపి ఎండగట్టడం. ఐరనీ ఈ రెంటికీ పనిముట్టు కాగలదు. 1729లో జోనాథన్ స్విఫ్ట్ రాసిన "ఎ మోడెస్ట్ ప్రపోజల్" ఈ మూడింటినీ విడదీసి చూపడానికి బాగా పనికొస్తుంది. ఐర్లండ్‌లో పేదరికం పోవాలంటే పేదల ఏడాది పిల్లల్ని ధనికుల భోజనానికి అమ్మాలి అని అందులో ఓ పెద్దమనిషి మర్యాదగా, లెక్కలతో సహా ప్రతిపాదిస్తాడు. ఇది స్విఫ్ట్ అభిప్రాయం కాదని విద్యార్థి ఎలా రుజువు చేయాలి? "అంత ఘోరం ఎవరంటారు" అంటే సరిపోదు, ఆధారం రచనలోనే ఉంది. చివరికొచ్చేసరికి ఆ పెద్దమనిషి, వేరే మార్గాల గురించి నాతో ఎవరూ మాట్లాడొద్దు అంటూ వాటి జాబితా చదువుతాడు. దేశంలో ఉండకుండా ఆదాయం తినే భూస్వాముల మీద పన్ను వేయడం, స్వదేశంలో తయారైన బట్టలే వాడటం వగైరా. ఐరిష్ సరుకే వాడాలని స్విఫ్ట్ 1720లోనే కరపత్రం రాశాడు. అంటే రచయిత నిజంగా కోరుకున్నవి, మాట్లాడుతున్నవాడు కొట్టిపారేస్తున్న జాబితాలో ఉన్నాయి.

మాట్లాడుతున్నది ఎవరు

ఆ పెద్దమనిషిని పెర్సోనా అంటారు, రచయిత తొడుక్కున్న ముఖం. "కవి ఇలా అంటున్నాడు" అని రాయడం మాన్పించి "కవితలో మాట్లాడే వ్యక్తి ఇలా అంటున్నాడు" అని రాయించగలిగితే సగం పని అయినట్టే. నవలలో అయితే నెరేటర్. ఫస్ట్ పర్సన్, థర్డ్ పర్సన్ అని సర్వనామం చూసి చెప్పడం పిల్లలందరికీ వచ్చు. దానితో పెద్దగా ఏమీ తేలదు. ఫ్రెంచ్ విమర్శకుడు జెరార్ జెనెట్ 1972లో చూపిన విభజన అంతకన్నా పనికొస్తుంది: చెబుతున్నది ఎవరు, చూస్తున్నది ఎవరు? "గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్"లో చెబుతున్నది పెద్దవాడైన నాయకుడు పిప్, చాలాచోట్ల చూస్తున్నది చిన్న పిప్. ఇద్దరూ "నేను" అనే అంటారు. చిన్నవాడి భయం, దాని మీద పెద్దవాడి చిరునవ్వు ఒకే వాక్యంలో ఉండటానికి కారణం అదే.

థర్డ్ పర్సన్‌లో ఇలాంటిదే ఫ్రీ ఇండైరెక్ట్ డిస్కోర్స్. పేరు భయపెడుతుంది కానీ విషయం తేలిక. "ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది. ఇక అతను రాడు. వస్తానన్నది మాత్రం ఎవరు, అతను కాదూ!" రెండో వాక్యం నుంచి మాట్లాడుతున్నది ఎవరు? "అనుకుంది" అన్న మాట ఎక్కడా లేదు, కథకుడి గొంతులోకి ఆమె గొంతు జొరబడింది. జేన్ ఆస్టిన్ నవలలు దీనికి పేరుపొందాయి. "ఎమ్మా" నవలలో నాయిక ఎమ్మా అనుకుంటున్నవాటిని కథకుడు చెబుతున్న నిజాలుగా చదివేసి, ఎమ్మాతోపాటు పాఠకుడూ బోల్తాపడతాడు.

కథకుడు చెప్పేదానికీ రచన మొత్తంగా సూచించేదానికీ పొంతన లేకపోతే అన్‌రిలయబుల్ నెరేటర్. ఈ పేరు 1961లో విమర్శకుడు వేన్ బూత్ పెట్టాడు. రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో ప్రచురించిన "మై లాస్ట్ డచెస్"లో మాట్లాడే డ్యూక్ ఈ కోవవాడే అనొచ్చు. పెళ్లి మాటలకు వచ్చిన దూతకు గోడ మీద తన చనిపోయిన భార్య బొమ్మ చూపిస్తూ ఆమె అందరినీ చూసి ఒకేలా నవ్వేదని ఫిర్యాదు చేస్తాడు. తర్వాత, ఆజ్ఞలు ఇచ్చాను, నవ్వులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి అంటాడు. ఏం ఆజ్ఞలు? చెప్పడు. ఆ ఖాళీని పాఠకుడే పూరించుకోవాలి. టోన్‌కీ మూడ్‌కీ తేడా చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు కనబడలేదు. మాట్లాడేవాడి వైఖరి టోన్, అది ఇక్కడ మర్యాదగా, నింపాదిగా, కాస్త బడాయిగా ఉంది. పాఠకుడి మీద కమ్ముకునే వాతావరణం మూడ్, అది ఇక్కడ ఒళ్లు జలదరించేలా ఉంది. రెండూ ఒకటే అయితే ఈ కవిత పనిచేయదు.

ఇదే కవితలో ఛందస్సు సంగతీ చూడొచ్చు. పంక్తులన్నీ జంటలుగా ప్రాస కలుస్తాయి, కానీ చదివేటప్పుడు చెవికి పెద్దగా తగలవు. వాక్యం పంక్తి చివర ఆగకుండా కిందికి జారిపోతుంది, దాన్నే ఎంజాంబ్‌మెంట్ అంటారు. బిగువైన నియమం ఉంది, పైకి కనబడదు. డ్యూక్ మనిషి కూడా అలాంటివాడే.

మిగిలిన ఛందస్సు సంగతులు త్వరగా దాటేయొచ్చు. బ్లాంక్ వర్స్, ఫ్రీ వర్స్ ఒకటి కావు: మొదటిదానికి ప్రాస ఉండదు గానీ అయాంబిక్ పెంటామీటర్ (పంక్తికి ఐదేసి తేలిక-ఒత్తు జోడీలు) నడక ఉంటుంది, రెండోదానికి ఏ స్థిరమైన నడకా ఉండదు. షేక్‌స్పియర్ సానెట్‌లో నాలుగేసి పంక్తుల భాగాలు మూడు, చివర రెండు పంక్తులు. పెట్రార్క్ సానెట్ ఎనిమిది, ఆరు. పంక్తుల లెక్కకన్నా ఆలోచన మలుపు తిరిగే చోటు, అంటే వోల్టా, ఎక్కడుందో పట్టుకోవడం ముఖ్యం.

వినేవాళ్లని ఎటు తిప్పుతున్నారు

రెటరిక్ అంటే అలంకారాల మూట అనుకునేవాళ్లు ఎక్కువ. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ దాన్ని ఏ సందర్భంలోనైనా ఒప్పించడానికి అందుబాటులో ఉన్న మార్గాలను గుర్తించే సామర్థ్యం అన్నాడు. చెప్పేవాడి మీద నమ్మకం ఈథోస్, వినేవాడి మనోభావం పేథోస్, వాదనలోని తర్కం లోగోస్. ఈ మూడింటినీ మూడు రంగుల పెన్నులతో వాక్యాల కింద గీతలు గీయించే అభ్యాసం ఒకటుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ తప్పుదారి పట్టిస్తుంది. స్విఫ్ట్ పెద్దమనిషి చివర్లో, నాకు ఇందులో స్వార్థం లేదు, అమ్ముకోవడానికి నాకు చిన్నపిల్లలే లేరు అంటాడు. అది ఈథోస్ కోసం వేసిన ఎత్తు, తర్కం రూపంలో ఉంది, మనలో పుట్టించేది జుగుప్స. ఏ రంగుతో గీత గీద్దాం?

రంగుల కన్నా "జూలియస్ సీజర్"లోని రెండు ప్రసంగాలను పక్కపక్కన పెట్టడం మేలు. సందర్భం ఒకటే, సీజర్ హత్య, జనం వాళ్లే, మాట్లాడేవాళ్లు ఇద్దరు. చంపినవాళ్లలో ఒకడైన బ్రూటస్ గద్యంలో మాట్లాడతాడు, నా పరువు చూసి నన్ను నమ్మండి అంటాడు. సీజర్ మీద నా ప్రేమ తక్కువై కాదు, రోమ్ మీద ఎక్కువై చేశాను అంటాడు. త్రాసులో తూచినట్టున్న ఈ వాక్యం యాంటిథెసిస్. ఆ వెంటనే వేసే ప్రశ్న చూడండి: సీజర్ బతికుండి మీరంతా బానిసలుగా చావడం కావాలా, సీజర్ చచ్చి మీరంతా స్వేచ్ఛగా బతకడం కావాలా? మూడో దారి లేనట్టు రెండే చూపించడం ఫాల్స్ డైలెమా. అందంగా చెప్పాడు కాబట్టి జనం గమనించలేదు, మన విద్యార్థులూ చాలాసార్లు గమనించరు. జనం ఎంత మెచ్చుకున్నారంటే ఒకడు ఇతన్నే సీజర్‌ని చేద్దాం అని అరుస్తాడు. రాజు అవుతాడేమోనని సీజర్‌ని చంపిన మనిషితో ఆ మాట!

సీజర్ స్నేహితుడు ఆంటోనీ పద్యంలో మాట్లాడతాడు. పొగడ్డానికి రాలేదు, పాతిపెట్టడానికి వచ్చాను అని మొదలుపెట్టి పొగుడుతాడు. "బ్రూటస్ గౌరవనీయుడు" అన్న మాట మళ్లీ మళ్లీ వస్తుంది. మొదటిసారి జనం దాన్ని నిజంగానే తీసుకుంటారు. ప్రతిసారీ దాని ముందు ఓ ఆధారం పెడతాడు: సీజర్ తెచ్చిన బందీల సొమ్ము ఖజానాకే చేరింది, కిరీటం మూడుసార్లు ఇస్తే మూడుసార్లూ వద్దన్నాడు. మాట మారలేదు, ముందు చేరినవి దాని అర్థాన్ని తిరగేశాయి. వెర్బల్ ఐరనీ పుట్టడాన్ని ఇంత దగ్గర్నుంచి చూసే అవకాశం అరుదు. వీలునామా తీసి చూపించి, చదవను, చదివితే మీరు తట్టుకోలేరు అనడం పారలిప్సిస్, చెప్పనంటూనే చెప్పడం. నేను బ్రూటస్‌లాంటి వక్తను కాదు, మొరటు మనిషిని అనడం ఈథోస్ కట్టుకోవడానికి అతను ఎంచుకున్న దారి.

ఏ మాటైనా ఎప్పుడు, ఎక్కడ అన్నారన్నదాన్ని బట్టి కూడా పనిచేస్తుంది. సరైన సమయాన్ని గ్రీకులు కైరోస్ అన్నారు. మాట్లాడక తప్పని పరిస్థితిని రెటరిక్ పండితుడు లాయిడ్ బిట్జర్ 1968లో ఎగ్జిజెన్స్ అన్నాడు. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ లింకన్ స్మారకం ముందు నిలబడి ప్రసంగం మొదట్లోనే "ఫైవ్ స్కోర్ ఇయర్స్ ఎగో" (ఐదు ఇరవైలు, అంటే వందేళ్ల కిందట) అన్నాడు. లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం మొదలయ్యే తీరుకు అది అల్యూజన్. బానిస విముక్తి ప్రకటనకు అది వందో ఏడు. వేరే చోట, వేరే ఏడాది అని ఉంటే అవే మాటలు పాతకాలపు లెక్కల్లా వినబడేవి. అదే ప్రసంగంలో వాక్యాల మొదట్లో "ఐ హ్యావ్ ఎ డ్రీమ్" తిరిగి తిరిగి రావడం అనాఫొరా, అది మీ నోట్సులో ఎలాగూ ఉండే ఉంటుంది. మాటలను తిరగేసి జతపరిస్తే యాంటిమెటబొలీ: దేశం నీకేం చేస్తుందని అడక్కు, దేశానికి నువ్వేం చేయగలవో అడుగు అని 1961లో కెనెడీ అన్నది అదే.

అదే 1963 ఏప్రిల్‌లో కింగ్ బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరంలో మూడొందలకు పైగా మాటలున్న ఒకే వాక్యం ఉంది. కాస్త ఓపిక పట్టండి అని చెప్పిన మతపెద్దలకు జవాబు అది. మీ కళ్లముందే మనుషుల్ని చంపుతుంటే, మీ చిన్నారి కూతురికి ఫలానా పార్కులోకి ఎందుకు వెళ్లకూడదో చెప్పాల్సి వస్తే, అంటూ "వెన్ యూ" మీద "వెన్ యూ" పేర్చుకుంటూ పోతాడు. అసలు విషయం చిట్టచివర్లో గానీ రాదు: మాకు ఓపిక పట్టడం ఎందుకు కష్టమో అప్పుడు మీకు అర్థమవుతుంది. దీన్ని క్లాసులో చెప్పేటప్పుడు పదంతో మొదలుపెట్టకండి. బయటికి చదివించండి. సగంలో ఎవరో ఒకరు ఇది ఎప్పటికి అయిపోతుందని అడుగుతారు. ఎందుకలా అనిపించిందో వాళ్లనే చెప్పమనండి. ఓపిక గురించిన వాక్యం తమ చేత ఓపిక పట్టిస్తోందని ఒకరైనా కనిపెట్టాక బోర్డు మీద రాయండి: పీరియాడిక్ సెంటెన్స్.